ఎనిమిది కిలోమీటర్ల ఓపిక



వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో మన యువజన విభాగం ఒక తీర్మానం పెట్టబోతుంది. సంక్రాంతి ఆటల పోటీల్లో ఈసారి హైరాక్స్ పద్ధతిలో ఒక పందెం పెట్టాలి, దానికి కావలసిన సామాను కొనడానికి సంఘం నిధి నుంచి డబ్బు ఇవ్వాలి అని. వాళ్లు తెచ్చిన కొటేషన్ నాలుగు లక్షలు దాటింది. పది రోజులుగా వాట్సాప్ గ్రూపులో ఇదే రచ్చ. పెద్దవాళ్లలో కొందరు "ఇది డబ్బున్నోళ్ల జిమ్ము ఆట, మనకెందుకు" అంటున్నారు. పిల్లలు "మీకు అర్థం కాదులే మామా" అంటున్నారు. గ్రూపులో ఒక్కో ముక్క రాస్తే కోపాలే పెరుగుతాయి. అందుకే ఇక్కడ కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. నేను చదివింది తమిళ మీడియంలో. తెలుగు రాయడం రిటైరైన తర్వాత మన సంఘం తరగతిలో కూర్చుని నేర్చుకున్నది. మా ఇంట్లో మాట్లాడే తెలుగులోనే రాస్తాను, సర్దుకుని చదవండి.

నా మాట ముందే చెప్పేస్తాను. పందెం పెట్టాలి. సామాను ఈ సంవత్సరం కొనకూడదు. ఆ డబ్బులో చిన్న భాగంతో వినాయక చవితి నుంచి సంక్రాంతి దాకా నాలుగు నెలలు మన పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, పరుగెత్తే చోటు, అలవాటు చేయాలి. ఎందుకంటే ఈ పందెం చూడ్డానికి బలం పందెంలాగా ఉంటుంది గానీ, లోపల ఉన్నది ఓపిక పందెం.

తెలియనివాళ్ల కోసం పందెం ఏమిటో చెప్తాను. హైరాక్స్ 2017లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో పుట్టింది. పెట్టినవాళ్లు ఇద్దరు. ఒకరు పెద్ద పెద్ద పరుగు పందేలు నడిపించిన క్రిస్టియన్ టోట్జ్కె. ఇంకొకరు మోరిట్జ్ ఫ్యుర్స్టె, 2008 బీజింగ్, 2012 లండన్ ఒలింపిక్స్ రెండింటిలోనూ జర్మనీ హాకీ జట్టులో బంగారు పతకం గెలిచిన ఆటగాడు. 2025లో ఇది మన దేశానికి కూడా వచ్చింది, ముందు ముంబైకి, తర్వాత ఢిల్లీకి.

పద్ధతి ఏ ఊర్లో పెట్టినా ఒక్కటే. ఒక కిలోమీటరు పరుగు, తర్వాత ఒక పని. మళ్లీ ఒక కిలోమీటరు, మళ్లీ ఒక పని. ఇట్లా ఎనిమిది సార్లు. మొదటి పని, నిలబడి రెండు తాళ్లను పైనుంచి కిందికి లాగే యంత్రం మీద 1000 మీటర్లు. రెండోది బరువు పెట్టిన ఇనుప బండను 50 మీటర్లు తోయడం. మూడోది అట్లాంటి బండనే తాడుతో 50 మీటర్లు లాగడం. నాలుగోది నేల మీద బోర్లా పడుకుని, లేచి, ముందుకు గెంతుతూ 80 మీటర్లు పోవడం. ఐదోది పడవ తెడ్డు వేసినట్టు లాగే యంత్రం మీద 1000 మీటర్లు. ఆరోది రెండు చేతుల్లో రెండు బరువులు పట్టుకుని 200 మీటర్లు నడవడం. ఏడోది ఇసుక మూట భుజాన వేసుకుని, ఒక్కో అడుగుకూ మోకాలు నేలకు ఆనేటట్టు వంగి లేస్తూ 100 మీటర్లు. చివరిది బరువు బంతిని పట్టుకుని గుంజీలాగా కూర్చుని లేస్తూ గోడ మీది గుర్తుకు కొట్టడం, 100 సార్లు.

మగవాళ్ల మామూలు విభాగంలో తోసే బండ, దాని మీది బరువుతో కలిపి, 152 కిలోలు. లాగేది 103 కిలోలు. చేతుల్లో మోసేవి చెరో 24 కిలోలు. ఇసుక మూట 20 కిలోలు, బంతి 6 కిలోలు. ఈ అంకెలు చూసే మన పిల్లలు జిమ్ముకు పరుగెత్తుతున్నారు. ఫోన్లో చూసే వీడియోల్లో కూడా బండ తోసేటప్పుడు మొహం ఎర్రబడిన మనిషే కనిపిస్తాడు. నిదానంగా ఐదో కిలోమీటరు పరుగెత్తేవాడిని ఎవరూ వీడియో తీయరు.

నేను ముప్పై ఏళ్లకు పైగా రైల్వేలో గుమాస్తా పని చేసినవాణ్ణి. ఏదైనా కాగితం మీద కూడి చూస్తే గానీ నాకు నమ్మకం రాదు. ఇది కూడా కూడి చూసినాను. ఒక మామూలు మనిషి ఈ పందెం గంటన్నరలో, అంటే 90 నిమిషాల్లో ముగించినాడని పెట్టుకుందాం. కిలోమీటరుకు ఆరున్నర నిమిషాలైతే ఎనిమిదికి 52 నిమిషాలు. ఒక్కో పనికి సగటున నాలుగు నిమిషాలైతే ఎనిమిదికి 32. ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవడానికి మిగతా 6 నిమిషాలు. అంటే సగం కంటే ఎక్కువ కాలం పరుగులోనే పోయింది. కిలోమీటరుకు అర నిమిషం తగ్గించుకుంటే నాలుగు నిమిషాలు మిగులుతాయి. బండ తోయడంలో ఎంత బలం పెంచుకున్నా అంత మిగలదు.

ఇంకో లెక్క కూడా చూడండి. ఒక పిల్లవాడు ఉత్సాహంగా మొదటి కిలోమీటరు 5 నిమిషాల్లో, రెండోది ఐదున్నరలో కొట్టినాడు. నిదానస్తుడి కంటే రెండున్నర నిమిషాలు ముందున్నాడు. బండ తోసినాక, లాగినాక కాళ్లు కట్టెలైపోయినాయి. మూడోది ఆరున్నర, నాలుగోది 7, ఐదోది ఏడున్నర, మిగతా మూడూ ఎనిమిదేసి నిమిషాలు. మొత్తం కూడితే 55న్నర నిమిషాలు. మొదటి నుంచి చివరి దాకా ఆరున్నర నిమిషాల లెక్కన పోయినవాడికి 52. ముందు సంపాదించిన రెండున్నర నిమిషాలూ పోయి, పైన మూడున్నర నిమిషాల అప్పు పడింది. పనుల దగ్గర ఆగి ఆగి పోగొట్టుకున్నది ఇందులో చేర్చలేదు.

ఇది ఊరికే కాగితం మీది లెక్క కాదు. మా అక్క మనవడు జిమ్ముకు పోయే పిల్లవాడు. భుజాలు చూస్తే దిష్టి తగిలేటట్టు ఉంటాయి. మొన్న ఆడి నెలలో వాళ్ల జిమ్ములో ఇదే పద్ధతిలో ఒక పందెం పెడితే నన్ను కూడా తీసుకుపోయినాడు. బండ దగ్గర వాడంత వేగంగా తోసినవాళ్లు లేరు. నాలుగో కిలోమీటరు నుంచి నడక మొదలుపెట్టినాడు. చివర బంతి కొట్టేచోట పది కొట్టడం, నడుము పట్టుకుని నిలబడడం, మళ్లీ పది కొట్టడం. అదే పందెంలో నలభై దాటిన ఒక అమ్మ ఉండింది, బ్యాంకులో ఉద్యోగం, ఇద్దరు పిల్లల తల్లి. ఆడవాళ్ల బరువులు వేరే, తక్కువే, నిజం. అయితే ఎనిమిది కిలోమీటర్లు అందరికీ ఒకటే కదా. ఆమె ఒక్క కిలోమీటరు కూడా వేగంగా పరుగెత్తలేదు, ఒక్క కిలోమీటరు కూడా నడవలేదు. మావాడి కంటే పదకొండు నిమిషాలు ముందే ముగించి, నీళ్లు తాగి, చెప్పులు మార్చుకుని కూర్చుంది. ఎట్లా తయారైనారమ్మా అని అడిగితే, "మూడేళ్లుగా పొద్దున పరుగెత్తతా ఉన్నాను సార్, బరువులు ఈ ఆరు నెలలుగానే" అని చెప్పింది.

దారిలో మావాడు "తాతా, ఇంకా బరువులు పెంచాలి" అన్నాడు. "ఒరే నాయనా, బరువుకాడ నువ్వు ఓడిపోలేదురా" అని చెప్పినాను.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా అర్థం చేసుకోవాలి. బలం వేరే, ఓపిక వేరే. సాత్తూరు పక్క మా ఊర్లో గుడి ముందర ఒక ఎళవట్టక్కల్లు ఉండేది. తెలుగు దేశంలో గుండు ఎత్తడం అంటారే, అదే. వంగి, పట్టి, మోకాలికి, రొమ్ముకు, భుజానికి ఎక్కించి వెనక్కి పడేస్తే అయిపోయింది. మొత్తం పది, పదిహేను సెకండ్ల పని. అది అచ్చమైన బలం. హైరాక్స్‌లో అట్లాంటి పని ఒక్కటి కూడా లేదు. ఎనిమిది పనుల్లో ఎక్కువ భాగం మూడు, నాలుగు, ఐదు నిమిషాలు సాగేవి. రెండు నిమిషాలు దాటి సాగే ఏ కష్టానికైనా శరీరం ఎక్కువ భాగం శక్తిని మనం పీల్చే గాలిలోని ఆక్సిజన్ సాయంతోనే తయారు చేసుకుంటుంది. అంటే బండ తోసేటప్పుడు, బంతి కొట్టేటప్పుడు కూడా పరీక్ష పెట్టేది గుండెకు, ఊపిరితిత్తులకే. కండ అక్కడ కూలి పనివాడు. కూలి ఇచ్చేది గుండె.

దీనికి సరైన పోలిక మన తెలుగువాళ్ల దగ్గరే ఉంది. ఒంగోలు, గుంటూరు వైపు ఎద్దులతో బండలాగుడు పోటీలు పెడతారు. మా చుట్టాల ఊరికి పోయినప్పుడు నేను చూసినాను. అక్కడ బండను కదిలించినంత మాత్రాన బహుమతి ఇవ్వరు. ఇచ్చిన సమయంలో ఆ జత ఎంత దూరం లాగింది అనేదే లెక్క. మొదటి చుట్టు దూకుడుగా పోయి చివర నురుగు కక్కుతూ నిలబడిపోయే జత ఉంటుంది. ఒకే అడుగు వేస్తూ చివరి దాకా పోయే జత ఉంటుంది. అక్కడ ముసలి రైతులు ఎద్దు కండను చూసి పందెం చెప్పరు, దాని ఊపిరిని చూసి చెప్తారు. మన కోయంబత్తూరు, పొల్లాచ్చి వైపు రేక్లా పందెం దీనికి ఉల్టా. కొంచెం దూరం, ఒకటే దౌడు. హైరాక్స్ రేక్లా కాదు, బండలాగుడు. మన పిల్లలు రేక్లా ఎద్దుల్లాగా తయారై బండలాగుడుకు పోతున్నారు. ఇదే నా బాధ.

ఓపిక ఎట్లా వస్తుంది? ఇక్కడే యువజన విభాగం వాళ్లకు, నాకు తేడా. వాళ్లు పందేనికి ఆరు వారాల ముందు సామాను తెప్పించి రోజూ పందెం లాగానే చేస్తామంటున్నారు. శరీరం అట్లా ఒప్పుకోదు. నిదానంగా, పక్కవాడితో మాట్లాడుతూ పరుగెత్తగలిగే వేగంలో వారానికి కొన్ని గంటలు, నెలల తరబడి పోతేనే గుండె ఒక్కో దెబ్బకు పంపే రక్తం పెరుగుతుంది. కండల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి. కండ లోపల ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసే భాగాలు పెరుగుతాయి. ఊపిరి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. మడమ వెనక నరం, మోకాలి చిప్ప కింది నరం అంటామే, ఆ పట్టీలు గట్టిపడడానికి నెలలు కావాలి. తొందరపడినవాళ్లకు ముందు దెబ్బ తగిలేది అక్కడే. నిదానపు పరుగు పునాది పోసినట్టు. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు పునాదిని చూడరు. ఇల్లు నిలబడేది మాత్రం దాని మీదే.

ఓపిక ఉన్నవాడికి ఇంకో లాభం ఉంది. బండ తోసినాక వాడి గుండె దడ పరుగెత్తతా ఉండగానే తగ్గుతుంది. అంటే వాడు పరుగులోనే విశ్రాంతి తీసుకుంటాడు. ఓపిక లేనివాడు విశ్రాంతి కోసం ఆగాలి. ఇట్లా ఎనిమిది సార్లు ఆగితే పందెం అక్కడే పోతుంది. మేట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్లు ఎక్కడానికి మన కొండ రైలుకు దగ్గర దగ్గర ఐదు గంటలు పడుతుంది. దాన్ని చేతగాని బండి అని ఎవరూ అనరు. ఎక్కాల్సిన కొండను బట్టి వేగం పెట్టుకున్న బండి అది. రైల్వేలో గూడ్సు బండికి ఎంత లోడు కట్టాలనేది కూడా చదును నేలను చూసి లెక్క వేయరు. ఆ దారిలో అన్నింటికంటే నిటారుగా ఉండే ఎత్తును చూసి వేస్తారు. పందెంలో మొదటి కిలోమీటరు చదును నేల. ఏడో కిలోమీటరు ఆ ఎత్తు.

ఇప్పుడు పెద్దవాళ్ల మాటకు వస్తాను. "ఇది డబ్బున్నోళ్ల ఆట" అన్నారు. నిజమే, ముంబై, ఢిల్లీల్లో ఇందులో దిగాలంటే ప్రవేశ రుసుమే వేల రూపాయల్లో ఉంటుంది. రైలు, రూము ఖర్చు వేరే. దానికి సంఘం డబ్బు పెట్టమని నేను అడగను. కానీ ఇదే పద్ధతిలో ఒక చిన్న పందెం మన ఇళ్లలో చాలామంది పిల్లల జీవితాన్ని ఎప్పటి నుంచో నిర్ణయిస్తా ఉంది. అది మీకు కనిపించడం లేదు.

రైల్వేలో లెవల్ ఒకటి ఉద్యోగాలు, మనం గ్రూప్ డి అని పిలిచేవి, వాటికి రాత పరీక్ష తర్వాత శరీర దారుఢ్య పరీక్ష ఉంటుంది. మగపిల్లలు 35 కిలోల బరువు ఎత్తుకుని, మధ్యలో కింద పెట్టకుండా, 2 నిమిషాల్లో 100 మీటర్లు పోవాలి. తర్వాత 1000 మీటర్లు 4 నిమిషాల 15 సెకండ్లలో పరుగెత్తాలి. ఆడపిల్లలకు 20 కిలోలు, అదే 100 మీటర్లు, అదే 2 నిమిషాలు. పరుగు 1000 మీటర్లు 5 నిమిషాల 40 సెకండ్లు. ఒక్కటే అవకాశం. బరువు మోత, ఒక కిలోమీటరు పరుగు. హైరాక్స్‌లో ఒక ముక్క కోసి పెట్టినట్టే కదా ఇది?

మన వీధుల్లో ఈ పరీక్షకు పోయిన పిల్లలను నేను చాలామందిని చూసినాను. పత్రాలు సరిచూసుకోవడానికి మా ఇంటికి వస్తారు. రెండేళ్లు కోచింగ్‌కు డబ్బు కట్టి, గణితం, జనరల్ నాలెడ్జ్ చదివి రాత పరీక్ష గెలుస్తారు. ఫలితం వచ్చిన తర్వాత బూట్లు కొని పరుగు మొదలుపెడతారు. బరువు మోసి ఫెయిలైన పిల్లవాణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు. పరుగులో ఫెయిలై వచ్చినవాళ్లను చూసినాను. ఒక ఆడపిల్ల, తండ్రి లేని పిల్ల, రాతలో మంచి మార్కులు. పరుగులో 600 మీటర్ల దగ్గర కూర్చుండిపోయింది. వాళ్ల అమ్మ మా ఇంటికి వచ్చి, "అన్నా, చదువులో పోలేదన్నా, కాళ్లల్లో పోయింది" అని ఏడ్చింది. ఆ పిల్ల కాళ్లల్లో లోపం ఏమీ లేదు. పరుగెత్తడానికి ఆమెకు చోటూ లేదు, నాలుగు నెలల సమయమూ ఎవరూ ఇవ్వలేదు.

ఉద్యోగం వచ్చినాక కూడా అదే కథ. పట్టాల మీద పని చేసే ట్రాక్‌మెన్‌ను చూడండి. కీమ్యాన్ రోజూ సుత్తి, స్పానరు భుజాన వేసుకుని కిలోమీటర్ల కొద్దీ కంకర మీద నడుస్తాడు. నడుస్తూ వదులైన చోట దెబ్బ కొడతాడు, మళ్లీ నడుస్తాడు. నడక, మోత, దెబ్బ, మళ్లీ నడక. నలభై ఏళ్లు ఇట్లా చేసినవాళ్లను చూసినాను. వాళ్లలో పెద్ద భుజాలు ఉన్నవాళ్లు తక్కువ. సన్నగా, నల్లగా, తాడులాగా ఉంటారు. ఎండలో వాళ్లతో రెండు గంటలు నిలబడడం ఏ జిమ్ము పిల్లవాడి వల్లా కాదు.

మన సంఘం సభల్లో పాళెగాళ్ల వీరం గురించి, కత్తి గురించి చాలా మాట్లాడతాం. బాగానే ఉంటుంది. కానీ ఈ నేలలో మనల్ని నిలబెట్టింది కత్తి ఒక్కటే కాదు. తెలుగు నేల విడిచి దక్షిణానికి నడిచి వచ్చిన మనవాళ్ల కథను కి. రాజనారాయణన్ గారు 'గోపల్ల గ్రామం' అనే తమిళ నవలలో రాసినారు. నడిచి వచ్చిన జనం మనం. వచ్చినాక నల్లరేగడిలో నడుము వంచి పత్తి తీసిన అవ్వల జనం మనం. మా అవ్వ పొద్దు మునిగే వేళకు ఇంటికి వచ్చి, "ఓపిక లేదురా నాయనా" అని గడప మీద కూర్చునేది. బడిలో తమిళ అయ్యవారు 'పొరుమై' అని నేర్పినారు. అది మనసు గుణం, కోపం తెచ్చుకోకుండా ఉండడం. మా అవ్వ మాటలో ఓపిక అంటే ఒంట్లో మిగిలిన శక్తి కూడా. ఓర్చుకునే మనసూ, సాగే శరీరమూ రెంటికీ తెలుగులో ఒకటే మాట. ఈ పందెం గురించి నేను చెప్పదలచుకున్నది ఆ ఒక్క మాటలోనే ఉంది. వారానికి నాలుగు రోజులు తెల్లవారి లేచే మనసు లేనివాడికి ఏడో కిలోమీటరులో శరీరం సాగదు.

యువజన విభాగం వాళ్ల వాదన కూడా వదిలేయను. "బలం లేకపోతే బండ కదలదు కదా మామా" అంటారు. సరైన మాటే. ఒట్టి పరుగువాణ్ణి తెచ్చి 152 కిలోల బండ ముందు నిలబెడితే వాడు కూడా నిలిచిపోతాడు. బలం టిక్కెట్టులాంటిది, అది లేకపోతే బండి ఎక్కనివ్వరు. అయితే టిక్కెట్టు కొన్నంత మాత్రాన ఊరు రాదు. మన పిల్లల దగ్గర టిక్కెట్టు ఇప్పటికే ఉంది. లేనిది ప్రయాణానికి కావలసినది. దాన్ని నాలుగు లక్షల సామాను ఇవ్వలేదు.

పెద్దవాళ్లకు ఇంకో మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్లు ఎవరైనా వారానికి కనీసం 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో నడవడంలాంటిది చేయాలి. దానితో పాటు వారానికి రెండు రోజులు కండలకు పని చెప్పాలి. 65 దాటినవాళ్లు పడిపోకుండా నిలదొక్కుకునే అభ్యాసాలు వారానికి మూడు రోజులు కలుపుకోవాలి. అంటే ఓపిక, బలం రెండూ కలిపి చేయమని మనలాంటి ముసలివాళ్లకు కూడా చెప్పినారు. "జిమ్ము పిల్లల ఆట" అని నవ్వే ముందు మనం మెట్లు ఎక్కి ఎంతసేపు ఆయాసపడుతున్నామో చూసుకోవాలి.

ఇక నా ప్రతిపాదనలు. సమావేశంలో నిమిషం కూడా దొరకదు, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఒకటి. ముహూర్తం రోజులు తప్ప మిగతా రోజుల్లో మన కల్యాణ మండపం ఆవరణ పొద్దున 5 నుంచి 7 దాకా తెరవాలి. మండపం చుట్టూ ఎన్ని రౌండ్లు పోతే ఒక కిలోమీటరు అవుతుందో టేపు పెట్టి కొలిచి గోడ మీద రాయాలి. లైట్లు, నీళ్లు, వాచ్‌మన్‌కు అదనంగా కొంత జీతం, ఇదే ఖర్చు.

రెండు. వారానికి మూడు రోజులు ఆ సమయం ఆడవాళ్లకే ఇవ్వాలి. మగపిల్లలకు రోడ్డు ఉంది, మైదానం ఉంది. మన ఆడపిల్లలు చీకట్లో ఐదింటికి రోడ్డు మీద పరుగెత్తాలంటే కుక్కల భయం, తాగినవాళ్ల భయం, అన్నింటికంటే మన చుట్టాల నోళ్ల భయం. బలం అయితే ఇంట్లో తలుపు వేసుకుని కూడా పెంచుకోవచ్చు. ఓపిక పెంచుకోవడానికి దారి కావాలి. దారి ఇవ్వకుండా ఆడపిల్లలకు కూడా బహుమతి పెట్టినామని చెప్పుకోవడం న్యాయం కాదు. మహిళా విభాగం అక్కలు ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకుని, నడుస్తూ అక్కడ ఉంటే చాలు.

మూడు. మొదటి రెండు నెలలు నిదానపు పరుగు, నడక మాత్రమే. తర్వాత వారానికి రెండు రోజులు బరువులు కలపాలి. దానికి ఇనుము కొనక్కర్లేదు. 20 లీటర్ల నీళ్ల క్యాను నిండితే దగ్గర దగ్గర 20 కిలోలు. గోతాంలో ఇసుక పోస్తే మూట. పాత టైరుకు తాడు కడితే లాగే బండ. గ్రూప్ డి పరీక్షకు పోయే పిల్లలు కూడా ఇక్కడే తయారు కావచ్చు. నలభై దాటినవాళ్లు, చక్కెర, బీపీ ఉన్నవాళ్లు ముందు డాక్టరుకు చూపించుకునే దిగాలి. రొమ్ములో పట్టినట్టు ఉన్నా, తల తిరిగినా ఆ రోజు అక్కడితో ఆపేయాలి. ఓపిక అంటే నొప్పిని దాచుకోవడం కాదు.

నాలుగు. మొదటి సంవత్సరం పందెం నలుగురి రిలేగా పెట్టాలి. హైరాక్స్‌లోనే ఆ విభాగం ఉంది, ఒక్కొక్కరికి రెండు కిలోమీటర్లు, రెండు పనులు వస్తాయి. ఒక్కో జట్టులో కనీసం ఒక ఆడమనిషి, యాభై దాటినవాళ్లు ఒకరు ఉండాలి. పెద్దవాళ్లు కావలిస్తే నడవనీ. ఎండ ఎక్కకముందే, తొమ్మిది లోపల ముగించాలి.

ఐదు. ఒంటరిగా మొత్తం చేస్తామనే పిల్లలకు వేరే పందెం పెట్టండి. అందులో మొదటి బహుమతితో సమానంగా ఇంకో బహుమతి పెట్టాలని అడుగుతున్నాను. మొదటి కిలోమీటరుకు, చివరి కిలోమీటరుకు మధ్య తేడా ఎవరికి అన్నింటికంటే తక్కువో వాళ్లకు. మొదటిది నడిచి మోసం చేయకుండా, మొత్తం పందేనికి ఒక కాల పరిమితి పెడితే చాలు. ఈ బహుమతి కండలను చూసి రాదు, ఫోన్‌లో వీడియో పెట్టినా రాదు. నాలుగు నెలలు పొద్దున లేచినవాళ్లకే వస్తుంది. దానికి అయ్యే ఖర్చు, మా ఇంటి తరఫున, నేను ఇస్తాను.

సామాను సంగతి వచ్చే సంవత్సరం చూద్దాం. సంక్రాంతి తర్వాత కూడా పొద్దున ఐదింటికి మండపంలో ముప్పై మంది మిగిలి ఉంటే, అప్పుడు కొనమని నేనే చెయ్యి ఎత్తుతాను. లేకపోతే ఆ నాలుగు లక్షల ఇనుము స్టోర్ రూములో పెళ్లి వంట పాత్రల వెనక తుప్పు పడుతుంది. అంతకుముందు కొన్న క్యారమ్ బోర్డులు ఎక్కడున్నాయో అందరికీ తెలుసు.

ఆదివారం సమావేశం పదిన్నరకు. తీర్మానానికి సవరణగా ఈ ఐదూ రాసి కార్యదర్శి గారికి ఇచ్చినాను. ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా వచ్చి చెయ్యి ఎత్తండి. ముఖ్యంగా అమ్మలు, అక్కలు రండి. ఆ పొద్దున రెండు గంటలు ఎవరివో నిర్ణయించేటప్పుడు హాలులో మగవాళ్లే కూర్చుని ఉండకూడదు.